ఒత్తు తప్పిన ఇష్టం

మా మావయ్యగారిని వీధిలో అందరూ ఒత్తుల మాస్టారు అంటారు. అలాగని ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. నలభై ఏళ్ళుగా దుకాణాలకు బోర్డులు రాస్తున్నారు. దారిలో ఎక్కడైనా ఒక ఒత్తు తగ్గినా, ఒక దీర్ఘం ఎక్కువైనా ఆయన కాలు ముందుకు పడదు. చొక్కా జేబులో చిన్న కుంచె, మూత గట్టిగా బిగించిన రంగు సీసా ఎప్పుడూ ఉంటాయి. ఒకసారి పంటి నొప్పితో దవడ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళి, బయట 'దంత వైధ్యశాల' అని ఉండటం చూసి, ఆ ధకారం కింది గీతను చెరిపేదాకా లోపలికి అడుగు పెట్టలేదు. నొప్పి ఓర్చుకోగలను గానీ ఆ గీతను ఓర్చుకోలేను అన్నారట.

నేను ఆయన కోడల్ని. ముందు గదిలో ఆయన కుంచెలు, రేకులు, రంగు డబ్బాలు. వెనక గదిలో నా కంప్యూటరు, ఫ్లెక్సీలు అచ్చువేసే యంత్రం. ఈ రోజుల్లో వచ్చేవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది వెనక గదికే వస్తారు. దానికి ఆయన బాధపడరు. "నువ్వు వేగంగా చేస్తావు, నేను తిన్నగా చేస్తాను. వీధికి రెండూ కావాలి" అంటారు.

ఒకరోజు ఆయన మేనకోడలు వచ్చింది. ఇంట్లో అందరం ఆ పిల్లను పిచ్చుక అంటాం. చిన్నప్పుడు దువ్వెన కనిపిస్తే చాలు, మంచం కిందికి దూరేది. తల ఎప్పుడూ పిచ్చుకగూడులా ఉండేది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. విచిత్రమేమిటంటే ఆ పిల్లే పెద్దయ్యాక వేరే ఊరు వెళ్ళి క్షౌరం, కేశాలంకరణ నేర్చుకుని వచ్చి, మా వీధి మొదట్లో ఆడా మగా అందరికీ కలిపి ఒక సెలూన్ తెరవబోతోంది.

"మావయ్యా, నా షాపుకి బోర్డు రాసిపెట్టాలి. నీ చేత్తోనే" అంది.

మావయ్యగారి ముఖం వెలిగిపోయింది. వెంటనే రేకు తీశారు, సుద్దముక్క అందుకున్నారు.

"పేరు చెప్పు."

"నా ఇష్టం."

"నీ ఇష్టమేలే, ఎవరు కాదన్నారు? పేరు చెప్పమంటున్నా."

"అదే పేరు మావయ్యా. నా ఇష్టం."

సుద్దముక్క గాల్లోనే ఆగిపోయింది.

"ఇది రాయను" అన్నారు.

"ఎందుకు? తప్పుందా?"

"అక్షరాల్లో లేదు. బోర్డంటే ఇంట్లో పెట్టుకునే అద్దం కాదమ్మా, నీ ముఖం నువ్వు చూసుకోడానికి. వీధిలో పోయే ప్రతివాడూ చదువుతాడు. పొద్దున్న లేచి బడికి పోయే పిల్లలు 'నా ఇష్టం, నా ఇష్టం' అని చదువుకుంటూ పోవాలా? మన మాట ఎలాంటిదో ఎప్పుడైనా గమనించావా? పెళ్ళాన్ని 'మా ఆవిడ' అంటాం, 'నా ఆవిడ' అనం. ఒక్కడే గదిలో ఉండేవాడు కూడా 'ఓసారి మా ఇంటికి రండి' అంటాడు. ఎందుకు? మనిషి ఒక్కడే కాదని మాటకి తెలుసు. మనిషి మరిచిపోయినా మాట మరిచిపోదు. నలుగురు పెద్దవాళ్ళు నాలుకల మీద నలిపి నలిపి మన చేతికిచ్చింది. దాన్ని పట్టుకుని 'నా' అంటావేంటి?"

పిచ్చుక తడుముకోలేదు.

"సరే మావయ్యా. మరి 'నా జుట్టు ఊడిపోతోంది' అంటామా, 'మా జుట్టు ఊడిపోతోంది' అంటామా?"

నేను వెనక గదిలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. మావయ్యగారు తనకు తెలియకుండానే బట్టతల తడుముకున్నారు.

"తెలివితేటలకేం తక్కువ లేదు" అన్నారు చివరికి. "అయినా రాయను."

ఆ పిల్ల నవ్వు తగ్గింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నీకు గుర్తుందా? పదిహేడేళ్ళప్పుడు జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాను. ఏడాదిపాటు ఈ వీధిలో నడవలేకపోయాను. ఇస్త్రీ పిన్ని ఏడిచింది. టైలరత్త మా అమ్మని పలకరించడానికి వచ్చింది, ఇంట్లో ఎవరో పోయినట్టు. నా తల మీద అందరికీ వాటా ఉంది, నాకు తప్ప. అందుకే నా షాపులో వరసలు ఉండవు. పిన్నీ లేదు, బాబాయ్ లేదు. మేడమ్, సర్, అంతే. వరస కలిపితే దాని వెనకాలే పెత్తనం వస్తుంది."

"పెత్తనం వెనకాల ఇంకోటి కూడా వస్తుందిలే" అన్నారు మావయ్యగారు. కానీ అదేమిటో చెప్పలేదు. సుద్దముక్క జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

బోర్డు నా నెత్తిన పడింది. ఆ రోజు పని ఎక్కువ. పసుపు పచ్చటి ఫ్లెక్సీ మీద ఎర్రటి అక్షరాలు వేసి, సరిగ్గా చూడకుండానే అచ్చుకు పంపేశాను. పిచ్చుక కూడా మురిసిపోయి తీసుకెళ్ళి కట్టించింది.

షాపు తెరిచిన రోజు మావయ్యగారు వెళ్ళనని భీష్మించుకు కూర్చున్నారు. కానీ కూరగాయలకు వెళ్ళే దారి అదే. సంచి ఖాళీగా ఊపుకుంటూ తిరిగొచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. ముఖం పాలిపోయి ఉంది.

"అమ్మా, ఆ బోర్డు టైపు చేసింది నువ్వేనా?"

"అవును మావయ్యగారూ."

"ఇష్టానికి ఠ ఒత్తు ఎక్కడిదమ్మా?"

కంప్యూటరులో తెరిచి చూశాను. నిజమే. 'నా ఇష్ఠం' అని పడింది. నాకు భూమి చీలి లోపలికి పోతే బాగుండనిపించింది. మళ్ళీ వేస్తానన్నాను. ఫ్లెక్సీ చుట్ట అయిపోయింది, కొత్తది వచ్చేసరికి వారం.

వారం ఆయనకు యుగం. పేరు మీద కోపం, ఒత్తు మీద అంతకంటే కోపం. దిద్దాలంటే తాను రాయనన్న పేరును తన చేత్తో రాసినట్టు అవుతుంది. దిద్దకపోతే తప్పు అలాగే వీధికెక్కి కూర్చుంటుంది. మూడు రోజులు కూరగాయలకు చుట్టుదారిలో వెళ్ళారు. నాలుగో రోజు తెల్లవారుతుండగా నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరారు.

ఆ తర్వాత జరిగింది ఇస్త్రీ పిన్ని చెప్పగా తెలిసింది. ఆవిడ బొగ్గులు రాజేస్తూ అంతా చూసిందట. ఆయన నిచ్చెనెక్కి, ఠ ఒత్తు మీద పసుపు రంగు పూసి, అది ఆరేదాకా పైనే కూర్చుని ఊదుతున్నారట. ఆరింది. కుంచె మార్చుకోవడానికి జేబు తడుముకుంటూ పక్కకి ఒరిగారు. నిచ్చెన ఒక పక్కకి, ఆయన ఇంకో పక్కకి. కుడి మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో కట్టు వేస్తుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నర్సు "నొప్పిగా ఉందా?" అని అడిగింది.

"చెయ్యి సంగతి వదిలెయ్యమ్మా. ఒత్తు చెరిపాను, ఒత్తు పెట్టలేదు" అన్నారు.

అలా మా వీధి మొదట్లో 'నా ఇషం' అని వెలగసాగింది. చూసినవాళ్ళు చూసినట్టే ఆగి నవ్వుకున్నారు. మందుల షాపు వదినైతే, "'ఇ' తీసి 'వి' ఎప్పుడు పెడుతున్నారు? మా షాపుకి బేరాలొస్తాయి" అని అడిగింది.

సాయంత్రం పిచ్చుక ఇంటికొచ్చింది. వస్తూనే నడుం మీద చేతులు పెట్టుకుంది.

"రాయనన్నదీ నువ్వే, వెళ్ళి చెరిపిందీ నువ్వే!"

"రాయననడం నా పట్టుదల. తప్పుంటే ఊరుకోలేకపోవడం నా ఖర్మ. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి, ఏం చెయ్యమంటావు?"

ఆ పిల్ల నవ్వాపుకోలేక పక్కన కూలబడింది. "గడ్డం మాసింది మావయ్యా. ఎడం చేత్తో గీసుకుంటే చెవి పోతుంది. రేపట్నుంచి పొద్దున్నే షాపుకి రా" అంది.

ఆయన వెళ్ళసాగారు. మొదటి రోజు గడ్డం గీయించుకుని వచ్చేశారు. రెండో రోజు పేపరు చదివి వచ్చారు. మూడో రోజు మధ్యాహ్నం భోజనానికి నేను పిలవడానికి వెళ్ళాల్సి వచ్చింది. చెయ్యి కదలని మనిషికి ఇంట్లో గోడలు తప్ప ఏముంటాయి?

వారం తిరిగేసరికి కొత్త ఫ్లెక్సీ చుట్ట వచ్చింది. పాతది తీసేసి కొత్తది కడతానన్నాను. మావయ్యగారు వద్దన్నారు. "నేను సగంలో వదిలిన పని అది. పూర్తి కావాలి." అని, పిచ్చుకను నిచ్చెనెక్కించి, కింద నిలబడి నిచ్చెనను ఎడమ చేత్తో పట్టుకుని మొదలుపెట్టారు.

"షకారం కింద కుడి వైపు. ఊపిరి బిగబట్టకు, చెయ్యి బిగుస్తుంది. కత్తెర పట్టినట్టే పట్టు. ఇప్పుడు ఒక్క లాగుడు... అబ్బా, ఆగొద్దు, ఆగితే వణుకు కనిపిస్తుంది!"

ట ఒత్తు పడింది. కాస్త వంకరగా, తోక పైకి లేచి. వీధిలో సగంమంది చూస్తున్నారు. ఇక ఆయన దాన్ని చెరిపించి నాలుగుసార్లు రాయిస్తారని అందరం అనుకున్నాం. ఆయన తల అటు వంచి ఇటు వంచి చూశారు.

"వంకరుంది గానీ తప్పు లేదు. ఉండనీ" అన్నారు. ఒత్తుల మాస్టారి నోట ఆ మాట మొదటిసారి విన్నవాళ్ళం మేమే.

అయితే షాపు నడక మాత్రం అంత చురుగ్గా లేదు. బయటివాళ్ళు వచ్చేవారు గానీ వీధివాళ్ళు గడప దాకా వచ్చి వెనక్కి తిరిగేవారు. టైలరత్తను ఆ పిల్ల "కూర్చోండి మేడమ్" అన్నదని ఆవిడ పది రోజులు అందరికీ చెప్పుకుంది. "నా చేతుల మీద పెరిగిన పిల్ల, నన్ను మేడమ్ అంటుందా? నేనేమన్నా బ్యాంకుకొచ్చానా?" అని. గోడ మీద కాగితం కూడా ఉండేది: 'ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు.' వీధిలో ఎవరూ ఏమీ అడక్కుండా ఉండటం చేపను నీళ్ళు తాగొద్దనడం లాంటిది.

మావయ్యగారికి కూడా ఆ కాగితం నచ్చలేదు. ఒక ఉదయం రాత్రి డ్యూటీ దిగి ఒక నర్సు వచ్చింది. ఈయనకు కట్టు వేసిన నర్సు కాదు, వేరే ఆవిడ. తల స్నానం చేయించుకుని, తువ్వాలు చుట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. పిచ్చుక చప్పుడు చేయకుండా తలుపు దగ్గరికి వేసింది. మావయ్యగారు పేపరు మడిచారు.

"ఏమ్మా, మీ ఇంట్లో ఎంతమంది?"

పిచ్చుక కళ్ళతోనే గోడ వైపు చూపించింది. నర్సు కళ్ళు తెరవకుండానే జవాబిచ్చింది.

"ఏడుగురం బాబాయ్. అందుకేగా ఇక్కడికొచ్చాను."

ఆవిడ ఇరవై నిమిషాలు హాయిగా నిద్రపోయింది. ఆ ఇరవై నిమిషాలూ ఆయన పేపరు పేజీ తిప్పలేదు, చప్పుడవుతుందని. మధ్యాహ్నం అన్నం తింటూ నాతో అన్నారు: "ఆ పిల్ల షాపులో అమ్మేది క్షౌరం కాదమ్మా. కాసేపు ఎవరికీ ఏమీ కాకుండా కూర్చునే కుర్చీ. అది అవసరమే. నాకు తట్టలేదు." ముద్ద మింగి మళ్ళీ అన్నారు: "కానీ నన్ను బాబాయ్ అంది చూశావా? కళ్ళు మూసుకున్నా నోరు వరస మరిచిపోలేదు."

తర్వాత మూడు వారాలకు వచ్చింది ఆ శనివారం. మధ్యాహ్నం రెండున్నరకు ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. మావయ్యగారికి గొడుగు ఇద్దామని నేను షాపుకి వెళ్ళాను. వెళ్ళిన అయిదు నిమిషాలకు తలుపు దబాలున తెరుచుకుంది. ఒక పాటల టీచరమ్మ, ఆవిడ వెనక తడిసిన కోడిపిల్లల్లా ముప్పై ఆరుమంది ఆడపిల్లలు. బస్సు మలుపులో ఆగిపోయిందట. హాలు దాకా నడిచి పోదామనుకుంటే వాన ముంచేసింది. అయిదున్నరకు వేదిక మీద పాట. పొద్దున కష్టపడి వేసిన జడలన్నీ ఊడి, రిబ్బన్లు మెడల మీద వేలాడుతున్నాయి.

"మీరే కాపాడాలి" అంది టీచరమ్మ రొప్పుతూ. "రెండేసి జడలు. అందరికీ."

డెబ్భై రెండు జడలు. షాపులో మూడు కుర్చీలు, రెండు డ్రైయర్లు, ఒక్క పిచ్చుక. నేను సాయం పడతానన్నాను గానీ నేను వేసిన జడ గడప దాటేలోగా ఊడుతుందని ఇంట్లో అందరికీ తెలుసు.

పిచ్చుక పళ్ళు బిగించి మొదటి పిల్లను కూర్చోబెట్టింది. రెండో పిల్ల. మూడో పిల్ల. గడియారం వైపు చూసింది. చేతులు వేగం పెంచాయి, పాపిడి వంకరపోయింది, విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. నుదుటి మీద చెమట. వెనక ముప్పై ముగ్గురు తుమ్ముతున్నారు.

మావయ్యగారు లేచి ఆ పిల్ల పక్కకి వెళ్ళారు. చెవిలో చెప్పినట్టే చెప్పారు గానీ నాకు వినపడింది.

"పిలువు."

"ఎవర్ని?"

"జడ వెయ్యడం ఈ వీధిలో ఎవరికి రాదు? పిలువు."

"ఏమని పిలవను మావయ్యా? ఇన్నాళ్ళూ మేడమ్ అని, ఇప్పుడు..."

"వరసపెట్టి పిలువు. పెత్తనం వెనకాల ఏమొస్తుందో అప్పుడు చెప్పలేదు కదా. వెళ్ళి చూడు."

పిచ్చుక దువ్వెన చేతిలో పట్టుకునే వానలోకి వెళ్ళింది. వీధి మధ్య నిలబడి అటూ ఇటూ గడపల వైపు చూసింది. తర్వాత చిన్నప్పుడు మంచం కింద నుంచి అరిచినంత గట్టిగా అరిచింది.

"పిన్నీ! అత్తా! వదినా! ఒక్కసారి రండి, నా వల్ల కావట్లేదు!"

ఇస్త్రీ పిన్ని తల బయటికి పెట్టింది. "ఎవర్ని, మమ్మల్నేనా? మేడములు జడలు వేస్తారటే?" అంది. అంటూనే ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, ఉతికి మడతేసిన తువ్వాళ్ళు కట్టకట్టుకుని నెత్తిన ప్లాస్టిక్ పట్టా కప్పుకుని పరుగెత్తుకొచ్చింది. టైలరత్త కత్తెర, కొత్త రిబ్బను చుట్ట తెచ్చింది. మందుల షాపు వదిన తన కుర్చీలు నాలుగూ ఒకదాని మీద ఒకటి పేర్చి మోసుకొచ్చింది. వాళ్ళ వెనక ఇంకో అయిదుగురు.

ఇక ఆ గదిలో ఏం జరిగిందో ఎలా చెప్పను! ఇస్త్రీ పిన్ని తలలు తుడుస్తోంది. టైలరత్త పాపిళ్ళు తీస్తోంది, చీర అంచు కుట్టినంత తిన్నగా. మావయ్యగారి కట్టు చెయ్యి రిబ్బన్ల దండెం అయింది. ఎర్రవి మోచేతి దగ్గర, తెల్లవి వేళ్ళ దగ్గర వేలాడదీసుకుని ఆయన నిటారుగా నిలబడ్డారు. పిల్లలు వచ్చి లాక్కుపోతున్నారు. నన్ను దువ్వెనలు కడగడానికి పెట్టారు. అది నాకు వచ్చిన పనే.

చేతులు ఆడుతుంటే నోళ్ళు ఊరుకుంటాయా? వదిన మొదలుపెట్టింది.

"అవునే పిచ్చుకా, పెళ్ళి మాటేమైంది?"

పిచ్చుక నోట్లో మూడు పిన్నులున్నాయి. మాట్లాడలేక దువ్వెనతో గోడ మీది కాగితం చూపించింది. ముప్పై ఆరుమంది పిల్లలు పాడటానికి వచ్చినవాళ్ళే కదా, ఒక్క గొంతుతో చదివారు: "ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు!" వదినతో సహా అందరం పడీ పడీ నవ్వాం.

చివర్లో ఒక పేచీ వచ్చింది. అందరికంటే చిన్నపిల్ల, ఏడేళ్ళుంటాయేమో, చెవుల దాకా పొట్టి జుట్టు. జడ వేయడానికి అందదు. సవరం పెడదామంది పిన్ని. పిల్ల రెండు చేతులతో తల పట్టుకుని "నాకొద్దు, ఇలాగే ఉంటాను" అంది.

"అందరికీ జడలుంటే ఇదొక్కటీ ఎబ్బెట్టుగా ఉండదూ? వరస పాడవుతుంది" అంది టైలరత్త.

పిచ్చుక ఏదో అనబోయింది. మావయ్యగారే ముందు అన్నారు.

"వరస అంటే పక్కపక్కన నిలబడటం, అంతే. అందరి తలా ఒకేలా ఉండక్కర్లేదు. దాన్ని వదిలెయ్యండమ్మా."

పిచ్చుక ఆయన వైపు తిరిగి చూసింది. ఆయన చూపుడువేలికి మిగిలిన తెల్ల రిబ్బను తీసి, ఆ పిల్ల పొట్టి జుట్టుకు ఒక పక్కగా చిన్న పువ్వులా ముడివేసింది. పిల్ల అద్దంలో చూసుకుని బయటికి పరుగెత్తింది.

అయిదుంబావుకు డెబ్భై జడలు పూర్తయ్యాయి. వాన వెలిసింది. టీచరమ్మ మమ్మల్ని వదల్లేదు. మీరంతా రావాల్సిందే అని పట్టుబట్టింది. తడి చీరలతోనే, చేతుల నిండా నూనె వాసనతోనే అందరం హాల్లో వెనక వరసలో కూర్చున్నాం.

తెర లేచింది. పిల్లలు మూడు వరసల్లో నిలబడి పాట అందుకున్నారు. పాట ఎలా పాడారో నాకు చెప్పడం చేతకాదు, ఎందుకంటే మా వరసలో ఎవరూ వినలేదు.

"అదిగో, ఎడమ నుంచి మూడో పిల్ల, నేను వేసిన జడే" అంది పిన్ని.

"ఆ చివర ఉన్నది నాది. చూడు, ఎంత గట్టిగా ఉందో."

"గట్టిగానా? పాపం ఆ పిల్ల కనుబొమలు పైకి పోయాయి!"

"పిన్నీ, మెల్లిగా మాట్లాడు" అంది పిచ్చుక. ఆ పిలుపు అంత మామూలుగా వచ్చింది, ఎవరూ గమనించినట్టు లేదు. పిన్ని మాత్రం పిచ్చుక చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది.

ముందు వరసలో పొట్టి జుట్టు పిల్ల పాడుతూ పాడుతూ మా కోసం వెతికింది. కనిపించగానే పాట మధ్యలో చెయ్యి ఊపింది. టీచరమ్మ కళ్ళురిమింది. మా వరస మొత్తం లేచి చేతులూపింది. మావయ్యగారు ఎడమ చెయ్యి ఖాళీగా ఉండగానే, సంతోషంలో మరిచిపోయి, కట్టు ఉన్న చెయ్యే పైకెత్తి ఊపారు. "అబ్బా!" అని గట్టిగా అరిచారు. పాట సరిగ్గా అప్పుడే ఆగింది.

హాలంతా వెనక్కి తిరిగి చూసి, అది మెచ్చుకోలే అనుకుని చప్పట్లు కొట్టింది.